ఉక్కు చుట్టు లేని కేబుల్

టెలిఫోన్ ఆఫీసులో అందరూ అతన్ని జాయింటరు బాబాయ్ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఫోన్ కేబుళ్లలోని వెంట్రుకంత గాజుపోగుల్ని కొసకు కొస చేర్చి అతికిస్తున్నాడు. కళ్లజోడు మూడుసార్లు మారింది గానీ హోదా ఒక్కసారీ మారలేదు.

ఆ రోజు కందకం పక్కన కేబుల్ చుట్ట దించగానే కొస చీల్చి చూశాడు. నల్లటి తొడుగు, దాని కింద పసుపు దారాలు, లోపల జెల్లీ నింపిన గొట్టాలు, వాటిలో రంగురంగుల పోగులు. అన్నీ ఉన్నాయి, ఉక్కు రేకు చుట్టు తప్ప.

"సార్, ఇది స్తంభాల మీద లాగే రకం. మట్టిలో పాతితే ఎలుకలు కొరికేస్తాయి."

ఇంజనీరు చుట్టను బూటుతో తట్టాడు. "పైకి నల్లగానే ఉందిగా! పాతాక ఎవడు చూస్తాడయ్యా?"

"ఎలుక చూస్తుంది సార్."

కూలీలు కిసుక్కుమన్నారు. ఇంజనీరుకు ఒళ్లు మండింది. సాయంత్రంలోగా పరీక్ష కాగితం మీద సంతకం పడకపోతే వేరే జాయింటరును చూసుకుంటానన్నాడు.

బాబాయ్ భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు సంగతి భార్యకు చెప్పాడు.

"ఎలుకల సంగతి మీకెందుకండీ? ఉద్యోగం పోతే మనమేం కొరుక్కు తినాలి?" అందావిడ.

కేబుల్ పాతేశారు. మీటరు పెడితే ఇరవై నాలుగు పోగుల్లోనూ వెలుతురు నిక్షేపంగా పారింది. మీటరుకు ఎలుక పళ్ల సంగతి పట్టదు. బాబాయ్ సంతకం పెట్టి, పైన ఇలా రాశాడు: "వెలుతురు సరే. ఉక్కు చుట్టు లేదు. ఎలుకలు కొరుకుతాయి." ఇంజనీరు చదవకుండానే కింద సంతకం గీకేశాడు. చదవడం చిన్న ఉద్యోగి పని అని ఆయన నమ్మకం.

రెండు నెలలకు సగం ఊరి ఫోన్లు మూగబోయాయి. విచారణలో ఆ కాగితం బయటపడింది. బతికిపోయాననుకున్నాడు బాబాయ్.

పెద్దాఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఎలుకలు కొరుకుతాయని నీకు ముందే తెలుసన్నమాట?"

"తెలుసు సార్."

"తెలిసీ పాతనిచ్చావన్నమాట!"

కొత్తవాళ్లకు కేబుల్ రకాలు నేర్పమని ఇంజనీరును శిక్షణ కేంద్రానికి పంపారు. బాబాయ్‌ని ఇంటికి పంపారు.

మూడోనాడు బంట్రోతు సైకిలేసుకుని రొప్పుతూ వచ్చాడు. "బాబాయ్, పోగులు అతికేవాడు ఎక్కడా దొరకట్లేదట. నీ ఉద్యోగం నీకిచ్చేస్తారట, వెంటనే బయల్దేరమన్నారు."

భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బాబాయ్ ఆమె వంక చూడలేదు.

"ఉక్కు చుట్టున్న కేబుల్ తెప్పించమను. అది దిగిన రోజు వస్తా."

"ఈ మాట పెద్దాఫీసరుకి నేను చెప్పాలా?" అన్నాడు బంట్రోతు.

"మరి? ఫోన్లెక్కడున్నాయిరా?"