పదకొండు వందల అడుగులు

మా బావ గుండయ్య పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్లను మంచిగా తలుచుకోవాలంటారు. నాకు చేతకాదు.

మొగుడంపల్లిలో ఆయనను కొలతల గుండయ్య అనేవాళ్లు. వెక్కిరింతని తెలియక ఆయన దాన్ని బిరుదనుకునేవాడు. వయసులో ఉండగా భూముల సర్వేవాళ్ల వెంట రెండేళ్లు ఇనుప గొలుసు మోశాడు. గొలుసు ఒక కొస పట్టుకుని నిలబడటమే ఆయన పని, లెక్క రాసేది వేరేవాళ్లు. ఆ మాత్రం దానికే జీవితమంతా అడుగులు లెక్కపెడుతూ బతికాడు. ఇంటి నుంచి బావికి ఎన్ని, బావి నుంచి అల్లం చేనుకు ఎన్ని, అడక్కపోయినా చెప్పేవాడు. అందులో ఒక్కటీ ఎవరికీ అక్కరకు రాలేదు.

రాకపోతే పోనీ. ఒక కొలత మా అక్క బస్వమ్మ కాలే తీసింది. అటక ఎక్కడానికి నిచ్చెన చేయిస్తూ వడ్లాయనకు తానే కొలతిచ్చాడు. ఒక మెట్టు తక్కువైంది. అక్క జొన్నల గంపతో దిగుతూ మెట్టు ఉందనుకుని గాలిలో కాలు పెట్టింది. ఆమె కింద పడి మూలుగుతుంటే ఆ మహానుభావుడు నిచ్చెన చుట్టూ తిరిగి, "కొలత సరిగనే ఉన్నది, అటకనే ఎత్తుగ కట్టిన్రు" అన్నాడు. రాయికోడ్‌లో మా పుట్టింటి చింతచెట్టును చిటారు కొమ్మ దాకా ఎక్కిన పిల్ల, ముప్పై ఏళ్లకే గోడ పట్టుకుని నడిచే మనిషైంది.

అరవై మూడులో, ఎండలు ముదరకముందు, జహీరాబాద్ బస్టాండు వెనక మైదానంలో నుమాయిష్ పెట్టారు. పదిహేను రోజులు ఉంటుందన్నారు. అద్దాల ఇల్లు, చెక్క బావిలో గిర్రున తిరిగే మోటారు సైకిలు, అన్నిటికంటే ఎత్తున లైట్ల పెద్ద రాట్నం. పెళ్లయ్యాక మా అక్క మొగుణ్ణి నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే.

"ఇగో, నన్నొక్కసారి ఆ రాట్నం ఎక్కియ్యి. మల్ల ఏమడగ. పైకెల్లి చూస్తే ఎట్లుంటదో మరిచే పోయిన."

రాట్నం తిప్పేది పొద్దుగూకాక. మా ఊరి ఆఖరి బస్సు అంతకుముందే వెళ్లిపోయేది. అందుకని ఆ పూటకు జహీరాబాద్‌లో ఉండాలి, అక్క కాలుకు మైదానం దగ్గరే ఉండాలి. ఇంత చిన్న సంగతి. తలకాయ ఉన్నవాడు ఒక్క పూటలో తేల్చేస్తాడు. మా బావ పన్నెండు రోజులు తీసుకున్నాడు.

తిక్కలోడు తిరునాళ్లకు పోతే ఎక్కనూ దిగనూ సరిపోయిందట. బస్సెక్కి పోవడం, లాడ్జి చూడటం, గేటు దాకా అడుగులు కొలవడం, వంక పెట్టి తిరిగి రావడం. ఒకదాని కింద మాంసం వండుతారట. ఇంకొకదాని తలుపు పడమటికుందట. ఒక్క రాత్రికి అద్దె గదిలో పడుకోవడానికి దిక్కులు చూసినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

మూడోసారి అక్క పోరితే నన్నూ వెంట తీసుకెళ్లాడు. మైదానం గేటు ఎదురుగానే ఒక పెంకుటిల్లు, అందులో అద్దెకు రెండు గదులు. ఊడ్చిన వాకిలి, వాకిట్లోనే చేదబావి. ఇంటాయన దవాఖానలో కాంపౌండరుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి.

"అమ్మకు కాలు బాగలేదంటున్నరు గద. మెట్లు లేని అర్ర ఇస్త, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు.

నలభై అడుగులు. బావ ముఖం కూడా వెలిగింది. అప్పుడు పేరడిగాడు.

"ఇస్సాకు."

బావ బావి వైపు చూశాడు, చెప్పులు వేసుకున్నాడు. "మరీ దగ్గరైతది. లొల్లికి నిద్ర పట్టదు" అన్నాడు.

మేము లింగం కట్టుకున్నవాళ్లం. పూజ కానిదే గుక్కెడు నీళ్లు తాగం. నా మెడలోనూ లింగం ఉంది. అది ఏనాడూ ఇస్సాకు బావి గురించి నాతో ఏమీ అనలేదు. మా బావతోనే అంటుంది కాబోలు.

చివరికి రైల్వే స్టేషను దగ్గర, మావాళ్లలోనే ఒకడైన శరణప్ప నడిపే లాడ్జిని బావ ఖాయం చేశాడు. "పదకొండు వందల అడుగులు. నడిచే దూరమే" అన్నాడు. ఆయనవి కొంగకాళ్లు. ఆయన అడుగు ఒకటి అక్కకు మూడు. ఆ లెక్క గొలుసు పట్టినవాడికి తట్టలేదు.

మేం ముగ్గురం వెళ్లింది నుమాయిష్ ఆఖరి రోజున. బస్సు దిగగానే ప్రహరీ మీదుగా రాట్నం కనబడింది. అక్క అక్కడే ఆగిపోయి, "దీపాలు పెట్టేదాక ఈడనే కూసుంట" అంది.

"పూజ కావాలె, బువ్వ తినాలె. పద" అన్నాడు.

ఎదురుగా ఉన్న రాట్నానికి వీపు చూపించి, కుంటి కాలుతో స్టేషను దాకా నడిపించాడు. ఆయన పూజ అయ్యేసరికి పొద్దుగూకింది. తిరిగి వస్తుంటే సగం దారిలో అక్క మోకాలు పట్టేసింది. మూసేసిన అల్లం మండీ అరుగు మీద కూలబడింది. మోకాలు గుండ్రాయిలా ఉబ్బింది. దూరంగా రాట్నం తిరుగుతోంది.

"ఇంక ఐదు వందల అరవయే" అన్నాడు బావ.

ఖాళీ టాంగా ఒకటి వచ్చింది. నేను చెయ్యెత్తాను. ఆయన నా చెయ్యి కిందికి దించాడు.

"నడిచే దూరమని తీసుకున్న. టాంగ ఎక్కితే నా లెక్క తప్పినట్టు గాదా? చాతగాకుంటే వాపస్ పోదాం."

అక్క ఆయన ముఖంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. అరుగు పట్టుకుని లేచి, నా భుజం ఆసరాగా టాంగా ఎక్కి కూర్చుంది.

"నుమాయిష్ కాడికి పోనియ్యి, బిడ్డా" అంది టాంగావాడితో.

రాట్నం మమ్మల్ని పైకి తీసుకెళ్లి, కింద ఎవరినో ఎక్కించుకోవడానికి ఆగింది. ఊరు ఊరంతా కాళ్ల కింద ఉంది. నేను కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను. అక్క మాత్రం ఉబ్బిన కాలు చాపుకుని, చిన్నప్పటి చింతకొమ్మ మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"నారీ, అగో మీ బావ."

దీపాల వెలుగులో రోడ్డు మీద, తల వంచుకుని వస్తున్నాడు. అంత ఎత్తు నుంచి జొన్నగింజంత ఉన్నాడు.

"మల్ల కొలుస్తుండు" అన్నాను.

అక్క నవ్వలేదు. "ఇన్నేండ్లు నేను భయపడ్డది గీయనకా?" అంది.

దిగాక, నేను ముందే చెప్పి ఉంచిన ఇస్సాకు ఇంటికి తిన్నగా నడిచింది. నలభై అడుగులే. ఇస్సాకు అరుగు మీద కుర్చీ వేసి, అడగకుండానే బావిలో నీళ్లు చేది చెంబుతో ఇచ్చాడు. అక్క మెడలో లింగాన్ని ఒకసారి కళ్లకద్దుకుని, చెంబెత్తి గటగటా తాగింది. అప్పటికి మా బావ వాకిట్లోకి వచ్చాడు.

"ఏందే ఇది? ఆడ అర్ర తీసుకుంటి గదా" అన్నాడు.

"నువ్వు పో. దూరం నీకెరుకే గద."

ఆయన అరుగెక్కలేకపోయాడు. నా వైపు చూశాడు, నేను చూపు తిప్పుకున్నాను. వెనక్కి తిరిగి, స్టేషను వైపు ఒక్కడే నడిచాడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి.