ఆ తీగ కట్టింది నేను

మా వీధి ఎలక్ట్రిక్ మేస్త్రి పోయాడన్న కబురు టీకొట్టు అతను తెచ్చాడు. "సార్, మేస్త్రి లేడు. తెల్లారంగ గుండె పట్టుకున్నడట. దవాఖాన దాంక గూడ పోలే" అన్నాడు గేటు పట్టుకుని. నేనప్పుడు ఫోనులో ఒక సంపాదకుడితో పోట్లాడుతున్నాను. నా వ్యాసంలో 'నీచం' అని రాస్తే తీసేసి 'అనుచితం' అని పెట్టాడు. ఫోను పెట్టేసి చిక్కడపల్లిలో, లైబ్రరీ దగ్గరి సందులో ఉన్న మేస్త్రి కొట్టుకు వెళ్లాను.

సందు నిండా కార్లే. క్యాబ్ డ్రైవర్లు, ట్రావెల్స్ వాళ్లు, అశోక్ నగర్ హాస్టళ్లకు కూరగాయల వ్యాను నడిపే ఆవిడ, అందరూ వచ్చేశారు. బండ్ల వరస నారాయణగూడ రోడ్డెక్కింది. వీళ్లనెవరూ పిలవలేదు. ముప్పై ఏళ్లుగా కరపత్రాలు పంచి, ఫోన్లు చేసి, బతిమాలి నేను సభలకు రప్పించిన జనం ఇందులో సగం ఉండరు. కొట్టు ముందు ఉంచిన శవం దగ్గర నిలబడి కుళ్లుకున్నాను. స్మృతి వ్యాసంలో ఇలాంటివి రాస్తారా అంటారా? రాయకుండా దాచింది ఇప్పటికే చాలా ఉంది నా దగ్గర.

మేస్త్రిది పాలమూరు వైపు. అతని అమ్మానాన్నలు మనం ఉంటున్న ఈ మేడలకు ఇటుకలు మోయడానికి వచ్చినవాళ్లు. అతను కార్లలో కరెంటు పని నేర్చాడు. కారుతో పాటు రానివి, తర్వాత మనం కొని తగిలించుకునేవి ఉంటాయే, ఇంజను వేడి చూపే మీటరు, వెనక కెమెరా, పాటల పెట్టె, వాటికి కరెంటు ఎక్కణ్ణించి తేవాలన్నది అతని విద్య. మీటరు ముల్లు పిచ్చిగా ఊగుతోందని ఎవరైనా వస్తే, "మీటర్ మంచిదే అన్నా. దానికి నువ్వు తిండి సక్కగ పెడ్తలేవు" అనేవాడు. నల్ల తీగను బండి రేకు మీది రంగుకే బిగించి ఉంటే విప్పి, ఇనుము మెరిసేదాకా రంగు గీకి, మళ్లీ బిగించేవాడు. ముల్లు నిలబడేది.

అతని చేతిలో ఒక చిన్న బల్బు ఉండేది. దాని తీగ ఒక కొస బండి బాడీకి తగిలించి, రెండో కొసతో తీగను పొడిచి చూస్తాడు. వెలిగితే కరెంటు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అంతటితో వాదన అయిపోయింది! ఆ బల్బంటే నాకు ఎంత అసూయో చెప్పలేను. నేను రాసింది నిజమని ఇన్నేళ్లలో ఏ బల్బూ వెలిగి చెప్పలేదు. పైగా వారం వారం నా కాలమ్ చదివి డ్రైవర్ల ముందు అడిగేవాడు. "సార్, ఈ 'వ్యవస్థీకృత దోపిడి' అంటే ఏంది? మన యాప్ వాళ్లు కొట్టే కమీషనా? అట్లనే రాయొచ్చు గద మరి!" అందరూ నవ్వేవాళ్లు. వాళ్లకు నా వ్యాసం అప్పుడు అర్థమయ్యేది. నాకు ఒళ్లు మండేది.

ఇంట్లో ఇంకో బాధ. మా ఆవిడ నాతో ఏ వాదననైనా "మేస్త్రి చెప్పాడండీ" అనే మాటతో ముగించేది. కారు తోలేది ఆవిడే, నాకు రాదు. నాలుగేళ్ల కిందటి ఎండాకాలంలో మా పాత కారు అశోక్ నగర్ ట్రాఫిక్‌లో రెండుసార్లు ఉడికిపోతే, వేడి చూపే మీటరొకటి కొన్నాం. "మేస్త్రితోనే పెట్టించండి. మీరు చెయ్యి పెట్టకండి" అంది.

పక్కింటి కుర్రాడితో తోలించుకుని తీసుకెళ్లాను. ముందు ఆరు బండ్లున్నాయి. నాకు వ్యాసం పంపే వేళ దాటుతోంది, ముందు నాది చూడమన్నాను. అతను తలెత్తకుండానే అన్నాడు: "సార్, అందరు సమానమని పోయిన వారం మీరే రాసిండ్రు గద. జర కూసోండి."

డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. నేను కూర్చోలేదు. ఆ కుర్రాడితోనే కారు ఇంటికి తోలించి, బానెట్ ఎత్తి, మీటరు ఎర్ర తీగను తిన్నగా బ్యాటరీకి కట్టేశాను. నల్ల టేపు కనబడలేదు. మందుల డబ్బాలోంచి గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరు తీసి చుట్టాను. మధ్యలో ఫ్యూజు ఉండాలన్న సంగతి నాకు తెలియదు. తీగ కారు లోపలికి వెళ్లే ఇనుప రేకు కన్నం అంచు దాన్ని కోస్తుందనీ తెలియదు. ముల్లు కదిలింది. అది చాలనుకున్నాను. మా ఆవిడ అడిగితే, "మేస్త్రే పెట్టాడు" అన్నాను.

పది రోజులకు, ముందు సీట్లో నేనూ వెనక మా అత్తగారూ ఉండగా, అతని కొట్టుకు నాలుగు ఇళ్ల అవతల కారులో పొగ లేచింది. మా ఆవిడ తాళం తీసేసింది. పొగ ఆగలేదు. బ్యాటరీకే కట్టిన తీగకు తాళంతో పనేముంది? మేస్త్రి పానా పట్టుకుని పరిగెత్తుకొచ్చి, బానెట్ లేపి, బ్యాటరీ తీగ ఊడబెరికాడు. చెయ్యి కాలింది.

"ఏంటి మేస్త్రీ ఇది! మా అమ్మ ఉంది బండిలో! మీరు పెట్టిన మీటరేగా?" అని అరిచింది మా ఆవిడ.

అతను సగం కాలిన తెల్ల ప్లాస్టరును చూశాడు. నన్ను చూశాడు. "నాదే తప్పక్కా. ఫ్యూజ్ పెట్టుడు మరిచిన" అన్నాడు.

మర్నాడు అతనే తీగ మార్చాడు. తాళం తిప్పితేనే కరెంటొచ్చే చోటు వెతికి, చిన్న ఫ్యూజు వేసి, కన్నానికి రబ్బరు తొడిగాడు. బల్బు నన్ను పట్టుకోమన్నాడు. "అక్క జర కోపంగ ఉండె. ఇంట్ల మీకు పరేషాన్ ఎందుకని అట్ల అన్న" అన్నాడు. నేనే మెల్లగా చెప్తాలే అన్నాను. "చెప్పుండ్రి సార్. తొందరేం లేదు."

చెప్పలేదు. మా ఆవిడ మాత్రం ఊరంతా చెప్పింది. నారాయణగూడ ట్రావెల్స్ ఆయన తన కార్లన్నీ వేరే చోటికి తీసుకుపోయాడు. డ్రైవర్లు అతన్ని 'ఫ్యూజ్ మరిచిన మేస్త్రీ' అని పిలిచేవాళ్లు. నాకెంత హాయిగా ఉండేదో! మచ్చలేని మనిషికి ఒక మచ్చ దొరికింది. మంత్రులు క్షమాపణ చెప్పాలని వారం వారం రాసే నేను, ఒక కారు తీగ గురించి నోరు విప్పలేకపోయాను.

అతను పోయిన రోజు, శవం దగ్గర ఒక డ్రైవరు ఏడుస్తూనే అన్నాడు, "జిందగీల ఒక్కటే తప్పు చేసిండు మా అన్న." మేస్త్రి భార్య తలాడించింది. "పొద్దున పనికి పోతుంటే నేను గూడ అనేదాన్ని, ఫ్యూజ్ మర్వకు అని. నవ్వెటోడు."

మేస్త్రి తన ఇంట్లో కూడా నిజం చెప్పలేదన్నమాట. అతని అబద్ధం మీద కూడా నాకు అసూయ కలిగింది. నా నిజాల్లో ఒక్కటీ అంత కాలం నిలవలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. "నాలుగేళ్లు నాతో చెప్పించారు కదండీ ఊరందరికీ" అంది. తర్వాత, "పేపర్లో రాసేసి చేతులు దులుపుకుంటారేమో. ముందు మేస్త్రి భార్యకు చెప్పండి" అంది.

పదకొండో రోజు వెళ్లాం. కొట్టు గడప మీద కూర్చుని ఉందామె. బేరాలకు పోతూ ఆగిన క్యాబులు సందులో వరసగా ఉన్నాయి, ఎండకు ఏసీలు వేసుకుని. నేను మొత్తం చెప్పాను. ప్లాస్టరు సంగతి కూడా. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"నాకు చెప్తే ఏమైతది సార్? పేరు పోయింది ఆళ్ల ముందల" అంది. లేచి, కొంగు దోపుకుని, సందులోకి కేకేసింది. "తమ్ముళ్లూ, బండ్లు జర బంద్ చేయుండ్రి. సార్ ఒక మాట చెప్తడట."

మొదటి బండి ఆగింది. దాని వెనకది ఆగింది. ఒక్కొక్క అద్దమూ దిగుతోంది, ఒక్కొక్క తలా బయటికొస్తోంది. సందు చివరన తెల్ల కారొకటి ఇంకా గుర్రుమంటోంది. ఎవరో వెళ్లి దాని టాపు మీద తట్టారు. అదీ ఆగిపోయింది. ఏదో వంటింట్లో కుక్కరు కూత స్పష్టంగా వినబడింది. నా ఏ సభలోనూ ఇంత నిశ్శబ్దం నాకు దొరకలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు, మేస్త్రి గురించి ఏదో మంచి మాట వినబోతున్నామని.