కిటికీకి తడిచీర

మా వన్‌టౌన్‌లో రేవు వైపు కిటికీలున్న ఇళ్లకు ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పాత నూలు చీరను తడిపి, పిండి, కిటికీకి అడ్డంగా కడతారు. రేవులో పోసిన బొగ్గు గుట్టల మీదుగా వచ్చే గాలిలోని నల్లపొడి ఆ తడికి అంటుకుంటుంది. మధ్యాహ్నానికి చీర ఆరిపోతుంది, సాయంత్రానికి రంగు మారిపోతుంది. నా భార్య గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి. ఈ ఇంట్లో దిగిన వారానికే ఎదురింటావిడను చూసి ఇది నేర్చుకుంది.

నేను పత్రికలో పనిచేశాను. ఊరి గాలిలో ధూళి ఎంత ఉందో చెప్పే అంకెలు రోజూ నా బల్ల మీదికి వచ్చేవి. వాటిని నాలుగు వాక్యాల వార్తగా కుదించి లోపలి పేజీకి పంపేవాణ్ణి. అంకె మరీ పెద్దదైతే, ఆయాసం ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలని ఒక వాక్యం చేర్చేవాణ్ణి. అది మా ఇంటికీ వర్తిస్తుందని ఎప్పుడూ తోచలేదు. తడిచీర గురించి కూడా ఒకసారి ఆదివారం అనుబంధంలో రాశాను, ఈ వీధుల ఆడవాళ్ల నేర్పు అని మెచ్చుకుంటూ. మా ఆవిడ ఆ పేజీని బీరువాలో దాచుకుంది.

నేను రిటైరైన తర్వాత రెండో చలికాలంలో ఒక ఉదయం, మా కింద రేకుపెట్టెల దుకాణం నడిపే సాయిబు పైకి కేకేశాడు. పాతికేళ్ల ఇరుగుపొరుగు. నన్ను బావ అంటాడు, ఆవిడను చెల్లి అంటాడు.

"బావా, ఓపాలి కిందకి రా. సెల్లెమ్మ మెట్ల మీద కూకుండిపోనాది. పిలిత్తే పలకతం లేదు."

పాలకోసం దిగిన మనిషి తిరిగి ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయింది. ఒళ్లో పాలప్యాకెట్టు. నోరు తెరిచి ఉంది. ప్రతి ఊపిరికీ భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. నా వైపు చూసింది కానీ ఏమీ అనలేదు. మాట్లాడటానికి ఆమెలో గాలి లేదని గ్రహించడానికి నాకు కొంతసేపు పట్టింది. ఎన్ని ప్రమాదాల గురించి రాశానో! ఆ పూట చేతిలోని కాఫీగ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాను. సాయిబే ఆటో ఆపాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక, పెదవుల నీలిరంగు తగ్గింది. రెండు రోజుల తర్వాత ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించారు. ఆ ఫలితం చూసి డాక్టరు, చిన్న వయసు అమ్మాయి, ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఇంట్లో కట్టెల పొయ్యి ఉందామ్మా?"

"గ్యాసేనండి."

"సారు సిగరెట్ తాగుతారా?"

"ఆ ఒక్కటీ లేదండి ఈయనకి."

ఇల్లెక్కడో చెప్పాను. డాక్టరు పెన్ను కింద పెట్టి, దుమ్ము లోపలికి రాకుండా ఏం చేస్తారని అడిగింది. ఆవిడ కాస్త గర్వంగానే తడిచీర సంగతి చెప్పింది.

"మరి ఆ చీర రోజూ ఉతుకుతారా?"

"రోజూ ఎక్కడండి? కుళాయి వచ్చేది ఒక్కపూట. వారానికోసారి ఉతుకుతాను. మిగతా రోజులు సాయంత్రం మేడ మీద పిట్టగోడకేసి కొట్టి దులిపేస్తాను. మా వీధిలో అందరం అంతేనండి."

"దులిపేటప్పుడు ముక్కుకి ఏమైనా కట్టుకుంటారా?"

"చీర దులపడానికి ముక్కుకి గుడ్డేంటండి" అని నవ్వబోయింది. దగ్గు అందుకుంది.

రోజంతా పట్టిన పొడిని ఒకే గుడ్డలోకి చేర్చి, సాయంత్రం మొహం ముందే విడిచిపెట్టింది, ఇన్నేళ్లూ. నేను రాసిన దాంట్లో చీర కట్టడం ఉంది, ఆరడం ఉంది, నల్లబడటం ఉంది. ఆ తర్వాత దాన్ని ఏం చేస్తారని నేను అడగలేదు. ఆ వేళకు రోజూ ఆఫీసులో ఉండేవాణ్ణి, రిటైరయ్యాక షికారుకెళ్లేవాణ్ణి.

చీర ఒక్కటే కాదు, పీల్చే గాలే అలాంటిది, ఏది ఎంత చెరిచిందో విడదీసి చెప్పలేం అంది డాక్టరు. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి. నన్ను పక్కకు పిలిచి ఒక పని అప్పగించింది. ఆవిడ కదలకుండా కూర్చున్నప్పుడు నిమిషానికి ఎన్ని ఊపిర్లు తీస్తోందో లెక్కపెట్టాలి. తనకు తెలియకూడదు, తెలిస్తే లెక్క మారిపోతుంది. ముప్పైకి చేరితే ఇంకేమీ ఆలోచించకుండా తీసుకొచ్చేయాలి.

ఇంటికొచ్చాక సాయిబు మందుల సంచి అందుకుంటూ అన్నాడు.

"ఏటి బావా, ఊరందరి గాలీ పేపర్లో కొలిసీవోడివి. ఇంటిగలావిడ ఊపిరి సూసుకోలేదేటి?"

ఎప్పుడూ ఆడే వేళాకోళమే. ఈసారి ఎవరమూ నవ్వలేదు.

రేవుకు దూరంగా, మద్దిలపాలెం వైపు ఇల్లు చూద్దామన్నాను. "అక్కడ బస్సుల పొగ ఉండదేంటండి?" అంది. కిటికీ తలుపులు మూసేశాం. అయినా గచ్చు మీద వేలితో రాస్తే వేలు నల్లబడుతూనే ఉంది.

నిన్న మధ్యాహ్నం ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి ఉంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని, దాని కింద చేతిగడియారం చూస్తూ లెక్కపెడుతున్నాను.

"ఆ పేజీ తిప్పి చాలాసేపైందండి" అంది కళ్లు తెరవకుండానే. "ఎంతొచ్చింది?"

"మాట్లాడావుగా, లెక్క తప్పింది."

"అయితే మళ్లీ మొదలెట్టండి."

ముఖం గోడవైపు తిప్పుకుంది. మొదటి కొన్ని ఊపిర్లు నాకోసం నెమ్మదిగా తీసింది. ఆ ఓపిక అర నిమిషం కూడా నిలవలేదు. భుజాలు లేవడం మొదలైంది. నిమిషం పూర్తయ్యేసరికి ఇరవై ఎనిమిది.

లేచి వెళ్లి చెప్పులు వేసుకుని వచ్చి కూర్చున్నాను. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.