సర్వే నంబరు 168/11

మా వైపు సిలార్ అంటే ఎవరికీ తెలియదు, ఆయిలింజన్ల సిలార్ అంటే అందరికీ తెలుసు. సాగర్ కాలవ నీళ్లు మెరక చేలకు ఎక్కించడానికి ఆయిలింజనే దిక్కయిన రోజుల్లో, ఆ ఇంజన్లకు అతనే దిక్కు. గట్టు మీద టీవీఎస్ బండి ఆపి, దిగకుండానే చెవి ఒగ్గి విని, "నాజిల్ పోయింది" అనేవాడు. విప్పి చూస్తే నాజిలే పోయి ఉండేది. నా ఇంజన్‌కు ఇరవై ఏళ్లు వైద్యం చేసింది అతనే. తర్వాత ఊరంతా కరెంటు మోటార్లు పెట్టుకుంది. పిడుగురాళ్లలో అతని షెడ్డు తలుపు వారానికి రెండు రోజులు తెరిస్తే గొప్ప.

అలాంటి మనిషి మీద నాకు అనుమానం పుట్టింది. నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ వెంకటేశ్వరమ్మ అంటుంది. ఎక్కువే. కొత్త రైలు మార్గంలో ఎకరం పోయినవాడికి ఉండదా మరి? అది పోయేముందు కూడా ఒకడు ఇలాగే వచ్చాడు. గట్టున నిలబడి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు, మజ్జిగ ఇస్తే తాగాడు. ఆర్నెల్లు తిరక్కుండా రాళ్లు పాతారు. ఇక నాకు మిగిలింది పాత పట్టాల పక్కన ఎకరన్నర, సర్వే నంబరు 168/11. అదీ పోతే మేమిద్దరం కూలికి పోవాల్సిందే.

జూన్ నుంచి సిలార్ రోజూ మధ్యాహ్నం నా గట్టు మీద స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. రైలు వస్తే లేస్తాడు. కరెంటు ఇంజన్ అయితే మళ్లీ కూలబడతాడు. ఎప్పుడో ఒకసారి నల్లటి పొగ కక్కుకుంటూ పాత డీజిల్ ఇంజన్ వస్తే మాత్రం ఫోన్‌తో ఫొటో తీసి, జేబులోంచి పుస్తకం తీసి రాసుకుంటాడు. ఆ ఫొటోలో నా మిరప చేను పడకుండా ఎలా ఉంటుంది?

అతన్ని నేను అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు, దానికి అడగడం ఎందుకని ఊరుకున్నాను. అతన్ని తప్ప అందర్నీ అడిగాను. టీ కొట్టు నడిపే బుడే అనే కుర్రాడు గొంతు తగ్గించి చెప్పాడు.

"ఎవరితోనో ఫోన్లో అంటన్నాడు చెంచయ్య మావా. ఇంకెన్నాళ్లో లేదంట, ముక్కలు చేసేత్తారంట."

పొలాన్ని ముక్కలు చేయడం నాకు కొత్త కాదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఫిబ్రవరిలో కల్లంలో కాయలు తిరగేస్తుంటే, సిలార్ పుస్తకాన్ని స్టూలు మీదే వదిలి బోరు దగ్గరికి నీళ్లకు వెళ్లాడు. వెళ్లి తెరిచాను. పేజీ నిండా అంకెలు. 171 పక్కన చిన్న గీత, తర్వాత 06. దాని మీద ఎర్ర సిరాతో కొట్టివేత, పక్కన "కండెం" అని. 184, గీత, 90. అదీ కొట్టివేత. అడుగున కొట్టేయకుండా మిగిలింది ఒక్కటే: "168/11. ఫిబ్రవరిలో పోతుంది."

మిరపకాయల చేత్తోనే కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. నా నంబరే.

మర్నాడు స్టేషన్‌కు వెళ్లి రైల్వే పోలీసుతో మాట్లాడాను. పొలం సంగతి అతనికి పట్టదని తెలుసు. అందుకే, "పట్టాల దగ్గర రోజూ ఫొటోలు తీస్తన్నాడు సార్, ఏం చేస్తాడో ఏమో" అన్నాను. అది కావాలని వేసిన మాట. నన్ను నేను వెనకేసుకు రావడం లేదు.

మధ్యాహ్నానికల్లా సిలార్‌ను స్టేషన్ గదిలో కూర్చోబెట్టారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. పోలీసు పుస్తకం తిరగేస్తుండగా దూరంగా కూత వినిపించింది. సిలార్ దిగ్గున లేచాడు.

"సార్, ఒక్క నిమిషం. ప్లాట్‌ఫారం మీదికి పోనీండి. దణ్ణం పెడతా."

"కూర్చో."

ఆ గది కిటికీ రోడ్డు వైపు ఉంది. ఇంజన్ ఆగకుండా వెళ్లిపోతుంటే గోడలు అదిరాయి. సిలార్ ఆ గోడకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. అది నా ఆయిలింజన్ మోతే, వందింతలై వచ్చినట్టుంది. చప్పుడు పూర్తిగా పోయాక అతను చెయ్యి తీశాడు. కళ్లు తడిసి ఉన్నాయి.

"ఏంటయ్యా అది?" అన్నాడు పోలీసు.

"ఆల్కో సార్. అమెరికా వాళ్ల డిజైను, మనవాళ్లు కాశీలో తయారు చేశారు. కుర్రతనంలో దాని మోత ఇనే ఇంజన్ల పనిలోకొచ్చా. నాలాంటి పిచ్చోళ్లం ఫోన్లో ఓ గ్రూపు ఉన్నాం. ఈ లైన్లో మిగిలింది అదొక్కటే. ఇయ్యాల కంకర బండి లాగే పని వదిలేసి రైల్వే షెడ్డుకి పోతంది. అక్కడ కండెం చేసి, అంటే ఇంక పనికిరాదని రాసేసి, ముక్కలు చేస్తారు. ఇంక రాదు."

"మరి 168, గీత, 11 అని రాశావేంటి?"

"పరిగెత్తే ఇంజన్ మీద అంకెలు ఒక్కసారే అందవు సార్. ముందు మూడు చదివి గీత పెడతా, తర్వాత రెండు. దాని నంబరు పదహారువేల ఎనిమిదొందల పదకొండు."

పోలీసు నా వైపు చూశాడు. ఇక దాచి లాభం లేకపోయింది.

"అది నా పొలం సర్వే నంబరు సార్," అన్నాను.

పోలీసు పగలబడి నవ్వాడు. సిలార్ నవ్వలేదు. పుస్తకం తీసుకుని, ఎర్ర పెన్నుతో ఆ ఆఖరి నంబరు కొట్టేసి, జేబులో పెట్టుకున్నాడు.

బయట టీవీఎస్ బండి దగ్గర అతని చెయ్యి పట్టుకున్నాను. "తప్పయిపోయింది సిలారూ."

అతను చెయ్యి విడిపించుకోలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎనిమిది నెలలు నీ గట్టు మీదే కూర్చున్నా గదన్నా. ఒక్క మాట అడగొచ్చుగా. నువ్వూ నా పక్కన నిలబడి చూసేవోడివి."