ముందు ఠాణా, తర్వాతే గుంత

మా ఓనరవ్వ పోయింది. తెల్లవారుజామున పుట్టపర్తి ఆసుపత్రిలో ప్రాణం విడిచిందని హిందూపురంలో ఉండే ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. చెప్పినవాడు ఏడవలేదు, విన్న నేనూ ఏడవలేదు. ఆసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి ఇద్దరం అలసిపోయి ఉన్నాం. ధర్మవరం ఖబరస్తానులో పిడికెడు మట్టి వేసి ఇంటికొచ్చి, నా పక్కగదిలో బండ మీద ఆమె ప్లాస్టిక్ కుర్చీ చూసినప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు.

వరుసగా ఉన్న బాడుగ గదులకు యజమానురాలు కాబట్టి వీధిలో అందరికీ ఆమె ఓనరవ్వే. నేను రొళ్ల నుంచి పెళ్లాంతో, మగ్గంతో వచ్చి ఆమె గదిలో దిగినవాణ్ణి. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ధర్మవరంలో బాడుగకిచ్చేవాళ్లకు ఒక నమ్మకం ఉండేది. గుంత మగ్గం తెచ్చుకున్నవాణ్ణి వివరాలు అడగరు. నేలలో గుంత తవ్వి, మగ్గం దించి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు ఎక్కడికి పోతాడులే అనుకుంటారు. ఓనరవ్వ కూడా అంతే. నన్నేమీ అడగలేదు. "మగ్గముండాది కదప్పా, ఇంకేం కావల్ల" అని తాళంచెవి చేతిలో పెట్టింది.

నా పక్కగదిలో దిగిన మొగుడూపెళ్లాలనూ అడగలేదు. పెనుకొండ వైపు వాళ్లమన్నారు. గుంత తవ్వారు, పాత మగ్గమొకటి దించారు. దాన్ని చూసే షావుకార్లు నేయమని పట్టూ జరీ ఇచ్చారు. ఒకరోజు పొద్దున చూస్తే మగ్గం ఉంది, గుంత ఉంది, మనుషులు లేరు. పట్టూ జరీ వాళ్లతోనే పోయాయి.

వాళ్లతో కలిసి టీ తాగేవాణ్ణని పోలీసులు నన్ను పిలిపించారు. రొళ్ల కర్ణాటక అంచున ఉంది కాబట్టి నా మాటలో కన్నడం దొర్లుతుంది, ఈ ఊళ్లో నాకు చుట్టాలు లేరు. షావుకార్లు నన్నూ ఆ దొంగల మనిషినే అన్నట్టు చూశారు. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. అడిగిందే అడుగుతూ బెంచీ మీద కూర్చోబెట్టారు. సాయంత్రం ఓనరవ్వను పిలిపించారు.

"ఇతను నీకు తెలుసా అవ్వా?" అన్నాడు ఎస్సై.

"మా గదిలో ఉండాడు సార్."

"అది కాదు. ఎవరి కొడుకు? ముందు యాడ నేసేటోడు? ఎట్లాంటోడు?"

అవ్వ నా మొహం చూసింది. ఏదో ఒక అబద్ధం చెప్పదా అని ఆశపడ్డాను. ఆమెకు అబద్ధం నోటికి రాదు. "తెలీదు సార్. నేను అడగల్యా" అంది.

మా నాయన రొళ్ల నుంచి బస్సెక్కి వచ్చి నాకు సాక్ష్యం చెబితే వదిలారు. అసలువాళ్లు దొరికేదాకా నా పెళ్లాం వీధి కొళాయికి తలెత్తుకుని పోలేకపోయింది. ఓనరవ్వ మా గడపలో చతికిలబడి, "నేను అడిగింటే నీ మొగుడు ఆడ కూర్చునేటోడు కాదమ్మా" అని చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

అప్పటినుంచి ఆమెది ఒకటే మాట. "ముందు ఠాణా, తర్వాతే గుంత." కొత్తగా ఎవరొచ్చినా ఆధార్ జిరాక్సు, ఫోటో పట్టించి తానే ఠాణాకు తీసుకుపోయేది. అదీ నడిచే. "ఆటోలో మొగమాటంగా కూర్చుంటారు. నడిస్తే మాట్లాడతారప్పా" అనేది. ఠాణా చేరేలోపు వాళ్ల అమ్మ జబ్బు, తమ్ముడి చదువు, మొగుడి తాగుడు అన్నీ ఆమెకు తెలిసిపోయేవి.

"మేమేమన్నా దొంగలమా?" అని కొందరు మొహం మాడ్చుకునేవారు.

"కాదు కాబట్టే రమ్మంటాండా. రేపు ఎవురన్నా మీ మీదికొస్తే నేను నోరు తెరవద్దా?"

వీధిలో మిగతా ఓనర్లనూ వదల్లేదు. పోలీసులంటే బాడుగవాళ్లు పారిపోతారని వాళ్లంటే, "పారిపోయేటోడు గుంత తవ్వకముందే పోనీలేప్పా" అనేది. ఒకరిద్దరు ఆమె వెంట వచ్చారు, తర్వాత మానేశారు. ఎస్సైలు మారేవారు. మారినప్పుడల్లా ఈమె పోయి మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలి. మోకాళ్లు వాచాక తోడుగా నేను పోయేవాణ్ణి. ఎండలో నాకూ విసుగొచ్చేది. ఇంక చాలవ్వా అంటే, "నాకూ సాలైందప్పా. ఏం చేస్తాం, పద" అనేది.

ఆ మోసగాళ్ల గదిని మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. గుంత పూడ్చలేదు కూడా. దాని మీద బండ పరిపించి, బండ మీద కుర్చీ వేసుకుని తానే కూర్చునేది. "ఈ గుంతనే నేను నమ్మింది" అని వచ్చినవాళ్లకు చూపించేది.

అవ్వ కోసం నలభయ్యో రోజు చదివించే ఫాతెహా కూడా కాకముందే ఆమడగూరు నుంచి ఒక జంట టెంపోలో మగ్గం వేసుకుని వచ్చారు. కొడుక్కి ఫోన్ చేస్తే, "అమ్మ కూర్చునే గది ఉండాది కదన్నా, ఇచ్చేయ్. అడిగేది గిడిగేది నాతో కాదు" అన్నాడు. నాకూ ఓపిక లేదు. తాళంచెవి తీసి చేతికివ్వబోయాను. అతని పెళ్లాం వీధి కొళాయి వైపు చూస్తోంది. ఇవ్వలేకపోయాను.

"పదప్పా, ఠాణాకు పోయొద్దాం" అన్నాను.

అతనూ నేనూ నడిచాం. వానలు లేక చెనక్కాయ పంట ఎండిపోయిందట. బావమరిది దగ్గర మగ్గం నేర్చుకున్నాడట. భార్యకు ఐదో నెలట. ఠాణాలో మమ్మల్నెరిగిన కానిస్టేబుల్ నా వెనక్కి చూసి, "ఏమబ్బా, ఒక్కనివే? అవ్వకు మళ్లీ మోకాళ్లా?" అన్నాడు. చెప్పాను. పెన్ను కింద పెట్టాడు. తర్వాత మళ్లీ పెన్ను తీసుకుని, కొత్తగా వచ్చినతన్ని చూపిస్తూ నన్నడిగాడు.

"ఇతను నీకు తెలుసా?"

"తెలుసు సార్" అని, దారిలో విన్నదంతా చెప్పాను.

ఇంటికొచ్చి ఇద్దరం బండ లేపి గోడకు ఆనించాం. అతను గుంతలోకి దిగి నిలబడి, "లోతు సరిపోతాదన్నా" అన్నాడు. అతని భార్య తడిగుడ్డ తెచ్చి బండ తుడవబోతే వద్దన్నాను. దాని మీద ఆమె కుర్చీ కాళ్ల గుర్తులు ఇంకా తెల్లగా ఉన్నాయి.