లచ్చయ్య పటేల్ ఖాందాన్

చచ్చి వందేండ్లు దాటిన మనిషి మొన్న ఆదివారం సూరత్‌ల మా డిండోలికొచ్చి, నా పరువు గంగల గాదు, ఈడి తాపీ నదిల కలిపి పోయిండు. జర నవ్వకుండ ఇనుండ్రి!

మా బిల్డింగుకు ఛైర్మన్ ఎలక్షన్. నిలబడ్డది నేను, నాతోని బట్టలు నేసే సాంచెల కాడ పనిచేసే సత్తయ్య. ఇన్నేండ్ల సంది ఆ సాంచెల మోతల నా మాట నాకే ఇనబడదు. ఒక్కసారన్న నేను మాట్లాడుతుంటే నలుగురు నోరు మూసుకోని ఇనాలె. గంతే నా ఆశ!

తెలుగోళ్ల ఓట్లు చెరి సగం. గెలిపించేది గుజరాతీలు. వాళ్లకు పెద్దమనిషి కాంతికాక, ఆయన ఎట్లంటే గట్ల. ఆయనను బుట్టల ఏసుకోవాలని గేటుకు హిందీల ఫ్లెక్సీ కట్టిచ్చిన: "రైతు, వ్యాపారి, నాయకుడు లచ్చయ్య పటేల్ ఖాందాన్!" లచ్చయ్య మా తాతకు తాత, నిజాం జమానా మనిషి. మన దిక్కు పటేల్ అంటే ఊరిపెద్దే గదా. చిన్నప్పుడు మా మేనత్త ఆయన ముచ్చట చెప్తుంటే సగం నిద్రల ఇన్న. ఫ్లెక్సీకి సగం చాలదా!

కాక ఉరుక్కుంట మా ఇంటికొచ్చిండు. "అరే, మీరు పటేలా? ఇన్నేండ్లు చెప్పనే లేదు!"

గుజరాత్‌ల పటేల్ అంటే కులమని, కాకది గదేనని నాకు తెల్వదా? తెలుసు. వచ్చే ఓటును ఎందుకు ఆపాలెనని ఊకున్న.

కాక దగ్గరికి జరిగి అడిగిండు: "లేవా, కడవా?"

ఆ పొద్దు నల్లా నీళ్లు రాలె. పాపం, నా కోసం తెలుగు నేర్చుకోని 'కడవలు లేవా' అని అడుగుతుండనుకున్న! "హై కాకా, దో హై! ఏక్ అమ్మ కా, ఏక్ బీవీ కా!" అన్న.

కాక కండ్లు పెద్దగైనయి. "అమ్మది ఒకటి, భార్యది ఒకటా! ఇంట్ల లొల్లి కాలేదా?"

"లొల్లేంది కాకా, రెండిటిని పక్కపక్కనే పెట్టినం!"

"శాబాష్! గిసువంటోడే ఛైర్మన్ గావాలె. మా ఓట్లన్ని నీకే!" అని కావలించుకున్నడు. రెండు కడవలకే గింత మర్యాదా అని పొంగిపోయిన. ఆడికి ఊకుంటె అయిపోతుండె. "ఏమే, కాకకు కడవ తే!" అని ఒర్లిన.

నా భార్య లక్ష్మి ఇత్తడి కడవ తెచ్చి ముంగట పెట్టింది. కాక కడవను చూసిండు, నన్ను చూసిండు. లక్ష్మి రోజూ గుజరాతీ ఆడోళ్లతోని కూసోని చీరలకు రాళ్లంటిస్తది, ఆమెకన్ని ఎరుకే. కాకను సంగతేందో అడిగి పడి పడి నవ్వింది.

"ఏందయ్యా! లేవా, కడవా అంటే పటేళ్లల్ల రెండు తెగలు. అత్తమ్మను ఒక దాంట్ల, నన్నొక దాంట్ల కలిపినవ్!"

"కాకా, మాది కులం గాదు, ఊరి పటేల్గిరీ" అని మేనత్తకు ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టిన. "అత్తా, లచ్చయ్య తాత పటేలే గదా?"

"పటేలా! పటేల్ ఇంట్ల జీతమున్నడురా. పటేల్ భూమి దున్నిండు, పటేల్ పత్తిబండి తోలిండు, పటేల్ పంచాయితీకి పోతే గొడుగు పట్టుకోని ఎనుక నిలబడ్డడు. సగం ఇని నిద్రపోతివి గదరా!"

ఒక్క ముక్క ఇడ్వకుండ లక్ష్మి కాకకు హిందీల చెప్పింది. ఆమెకు నా మీద ఏ జన్మ పగనో!

సత్తయ్య గెలిచిండు. కాక మాత్రం నన్ను మర్వలె. "పెద్దమనిషి ఎనుక నిలబడుడు మీ ఖాందాన్ల ఉన్నదే" అని మీటింగుల అందరి ముంగట చెప్పి, నాకు నీళ్ల ట్యాంకర్ డ్యూటీ ఇప్పిచ్చిండు. ఇప్పుడు సత్తయ్య కుర్చీల కూసోని మాట్లాడుతడు. నేను పైపు పట్టుకోని ట్యాంకర్ కాడ నిలబడి ఖాందాన్ పేరు నిలబెడ్తున్న!