సావధాన్‌కు ముందు జర

సమీరా నోట ఏ మాట రావాలన్నా ముందు ‘జర’ రావాల్సిందే. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. రెండింటిలోనూ కొంచెమనీ దయచేసి అనీ పనికొచ్చే మాట కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. అట్లాంటి పిల్ల ఆటల టీచరు కావాలని కామారెడ్డిలో బీపీఈడీలో చేరింది.

పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి ఎల్లారెడ్డిలో ఒక బడికి పంపారు. మైదానంలో పిల్లల ముందు నిలబడి, "జర సావధాన్" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. వరసలు చెదిరిపోయాయి.

పాఠం చూసి మార్కులు వేయడానికి కాలేజీ నుంచి వచ్చిన నర్సింహులు సారు మాత్రం నవ్వలేదు.

"సావధాన్‌కు ముందు జర ఏందమ్మా? బతిమిలాడుకుంట నిలవెడ్తవా పిల్లల్ని?"

రెండో పాఠమూ అంతే అయింది. మూడోది కూడా పోతే ఈ ఏడాది పోయినట్టే. అప్పుడిక చదువు మానేయాలని సమీరా లోలోపలే నిశ్చయించుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్నా ముందు ఒక జర కావాలి కదా.

ఆ వారమే కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే సారు ఒక పని పెట్టారు. మనకు తెలియకుండా మన ఒళ్లు చేసే కదలికను ఒకదాన్ని పట్టుకోవాలి.

"భయం ముందుగాల ఒంట్లకు వస్తది. మనసు ఎనక నుంచి వచ్చి కారణం దేవులాడ్తది" అన్నారు.

ఆ సాయంత్రం ఎల్లారెడ్డి బస్సులో తన ఊరి స్టేజీ రాగానే సమీరా "జర ఆపుండ్రి" అంది. ఎవరికీ వినబడలేదు, బస్సు దాటిపోయింది. తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడవడం ఆమెకు అలవాటే. కానీ ఈసారి తన భుజాలు చెవులదాకా లేచి ఉండటం, మెడ ముందుకు వంగి ఉండటం, ఊపిరి గొంతులోనే ఆగిపోవడం గమనించింది. నోటికంటే ముందే ఒళ్లు జర అనేసింది. పుస్తకంలో బొమ్మలు గీసి పేర్లు రాసిన పక్కటెముకలు తనకూ ఉన్నాయని అప్పుడే తెలిసినట్టు ఆశ్చర్యపోయింది.

ఇక మాటతో కుస్తీ మానేసి ఒంటి సంగతి చూసింది. పాదాలు కాస్త ఎడంగా పెట్టడం, భుజాలు దించడం, ఊపిరి పూర్తిగా వదిలాకే మాట్లాడటం. జిరాక్స్ దుకాణంలో "రెండు కాపీలు, అన్నా" అని, జర లేకుండానే ఊరుకుంది. ఎవరినో తిట్టినట్టు తనకే అనిపించింది.

పక్కనే ఉన్న స్నేహితురాలు రాజమణి "ఏందే, ఎవల మీద కోపమొచ్చింది?" అంది.

సమీరాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "కోపం కాదే. నేర్చుకుంటున్న."

మూడో పాఠం రోజు వచ్చింది. నర్సింహులు సారు ఓ పక్కన నిలబడ్డారు. భుజాలు లేవబోతే దించింది. ఊపిరి వదిలింది.

"సావధాన్."

మడమలన్నీ ఒక్కసారి కలిశాయి. నవ్వు లేదు, తల తిప్పినవాళ్లు లేరు. ఇన్నాళ్లూ ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది కాబట్టి, దీని తర్వాత ఏం చెప్పాలో సమీరాకు గుర్తురాలేదు. పిల్లలు బిగుసుకుని ఆమె నోటివైపే చూస్తున్నారు. కంగారు పడాల్సింది, పడలేదు. తన మాట కోసం ఇంతమంది ఎదురుచూడటం ఆమెకు బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. అది ఆమెకు ఎంతో బాగుంది. వాళ్లను ఇంకాసేపు చూడనిచ్చి, అప్పుడు విశ్రామ్ చెప్పింది.